పెట్టె మీది హెచ్ అక్షరం: వాపు బిళ్ళలతో నా అనుభవం

మాది నరసన్నపేట దగ్గర ఒక పల్లె. హైస్కూల్లో తెలుగు పాఠాలు చెప్పి 2019లో పదవీ విరమణ చేశాను. ఇప్పుడు అరవై ఆరేళ్ళు. 2024 డిసెంబరు 18న పింఛనుదారుల సమావేశానికి ఎవరో బి.పి. మిషను తెస్తే నేనూ సరదాకి చెయ్యి చాపాను. 178/104 చూపించింది. మరునాడు పట్నంలో డాక్టరుగారు రెండుసార్లు చూసి ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు రాశారు. మూడు వారాల తరువాత, జనవరి 9న, పై అంకె ఇంకా 160 దగ్గరే ఉన్నదని దానిని 10కి పెంచారు. తరువాత జరిగినదంతా ఆ పెంపుతోనే మొదలయిందని నాకు తెలియడానికి మూడున్నర నెలలు, అయిదు రోజుల ఆసుపత్రి మంచం అవసరమయ్యాయి.

ఫిబ్రవరి 4 రథసప్తమి. అరసవల్లిలో దర్శనం వరుసలో అయిదు గంటలు నిలబడి ఇంటికి వచ్చి చూసుకుంటే చీలమండల చుట్టూ వాపు కనిపించింది. ఉత్త కాళ్ళతో అంతసేపు నిలబడినందువల్ల అనుకున్నాను. పది రోజులైనా అది పోలేదు. పొద్దున్న లేచేసరికి కొంత తగ్గినట్టు ఉండి, సాయంత్రానికి చెప్పుల పట్టీ ముద్ర చర్మంలోకి దిగిపోయేది. వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపటికి గాని పూడేది కాదు.

మా జిల్లాలో కాళ్ళు వాచాయంటే ఎవరికైనా ముందుగా గుర్తుకు వచ్చేది కిడ్నీ జబ్బులకు పేరుపడిన ఉద్దానం. మా ఆవిడ పుట్టిల్లు కంచిలి వైపు. ఆమె తమ్ముడు నాలుగేళ్ళుగా వారానికి రెండుసార్లు సోంపేట వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. అందుచేత కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె, క్రియాటినిన్ అన్న మాట మా ఇంట్లో ఉప్పు, పప్పు అన్నంత మామూలుగా వినిపిస్తుంది. పలకరింపులోనే 'ఎన్ని పాయింట్లు?' అని అడిగేస్తారు. నా కాళ్ళు చూసిన రోజు నుంచి మా ఆవిడ సరిగ్గా నిద్రపోలేదు. ఫిబ్రవరి 20న రక్తం, మూత్రం పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.0 అని, మూత్రంలో ప్రోటీను లేదని వచ్చింది. ఆ కాగితాన్ని ఆమె దేవుడి గూట్లో పెట్టింది. కాని వాపు మాత్రం అలాగే ఉంది.

మార్చి 3న మళ్ళీ డాక్టరు దగ్గరకు వెళ్ళాను. ఆయన ఫ్యూరోసెమైడ్ 40, అంటే మావైపు అందరూ లేసిక్స్ అని పిలిచే, మూత్రం ఎక్కువగా పోయించి నీరు తీసే బిళ్ళ, పొద్దున్న ఒకటి చొప్పున అయిదు రోజులకు రాసి, 'అయిదు రోజులయ్యాక సోడియం, పొటాషియం పరీక్ష చేయించుకొని కాగితంతో రండి మాష్టారూ' అన్నారు. ఆమ్లోడిపిన్ వల్ల కూడా కాళ్ళు వాస్తాయన్న మాట ఆయన నోటి నుంచి రాలేదు. అడగాలని నాకూ తోచలేదు.

ఆ బిళ్ళ గురించి ముందుగా ఎవరూ చెప్పని విషయం దాని వేగం. వేసుకున్న గంటలోపే మొదలై, మధ్యాహ్నం దాకా అయిదారుసార్లు లేవవలసి వచ్చేది; ఆ తరువాత దాని ప్రభావం ఇంచుమించు అయిపోయేది. రెండవ రోజున అది వేసుకొని టెక్కలి బస్సెక్కి, ఆ ముప్పావుగంట ప్రయాణంలో నేను పడిన అవస్థ ఇక్కడ వర్ణించలేను. ఆనాటి నుంచి ప్రయాణం ఉంటే ఊరు చేరాకనే వేసుకొనేవాడిని. అయిదు రోజులలో బరువు 71 నుంచి 69.5కి వచ్చింది, వాపు కూడా ఒక పిసరు తగ్గినట్టే అనిపించింది. బిళ్ళ ఆపిన మూడవ నాటికి మళ్ళీ మామూలే.

ఇక్కడ నేను చేసిన పని దాచుకోకుండా చెబుతాను. పరీక్షకు 450, డాక్టరు ఫీజుకు 400, రానుపోను ఒక పూట. కొద్ది రూపాయలకే వచ్చే బిళ్ళల పట్టీ కోసం ఇంత ఖర్చా అనిపించింది. మా ఊరి మందుల షాపు కుర్రవాడు నా దగ్గర చదువుకున్నవాడే. 'పాతవే కదా మాస్టారూ' అంటూ చీటీ అడగకుండా పదిహేను బిళ్ళల పట్టీ చేతిలో పెట్టాడు. అయిదు రోజులకు రాసిన మందును అలా యాభై రోజుల దాకా కొనసాగించాను. డాక్టరుగారు రమ్మన్నది నన్ను చూడడానికి కాదనీ, నా రక్తంలోని లవణాలు ఏ స్థితిలో ఉన్నాయో చూడడానికనీ అప్పుడు తెలుసుకోలేకపోయాను.

మార్చి 24న విశాఖపట్నంలో మా అబ్బాయి ఇంటికి వెళ్ళినప్పుడు వాడు పట్టుబట్టి నన్ను మరొక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాడు. బి.పి. 152/94 ఉంది. 'ఇప్పుడు బి.పి.కి ఏమేమి వాడుతున్నారు?' అని ఆయన అడిగితే ఆమ్లోడిపిన్ 10 ఒక్కటే అని చెప్పాను. అది అబద్ధం కాదు, నా మనసులో. ఆయన అడిగినవి బి.పి. బిళ్ళలు, లేసిక్స్ నా లెక్కలో వాపు బిళ్ళ. ప్యాంటు వేసుకొని ఉన్నందువల్ల ఆయన నా కాళ్ళు చూడలేదు. టెల్మిసార్టాన్ 40తో హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 కలిసిన బిళ్ళ అదనంగా రాశారు. పెట్టె మీద పెద్ద అక్షరాలలో మందు పేరు, దాని పక్కన ఒక గీత, ఆ పక్కన హెచ్ అనే ఒంటి అక్షరం. ముప్పై నాలుగేళ్ళు పిల్లల చేత అక్షరం అక్షరం దిద్దించినవాడిని, ఆ ఒక్క అక్షరం ఎందుకుందో అడగలేదు. అది హైడ్రోక్లోరోథయజైడ్‌కు గుర్తు; అది కూడా మూత్రం ద్వారా ఉప్పును, నీటినీ బయటకు పంపే మందే.

ఆ వారంలోనే బి.పి. 124/76కి దిగింది. మార్చి 30న ఉగాదికి ఊరికి వస్తే నన్ను చూసినవారందరూ మెచ్చుకున్నవారే. 'ఏటి మాస్టారూ, సిక్కిపోనారు, కుర్రోడిలాగున్నారు' అని మా వీధిలోని పాలాయన అంటే ఎంత సంతోషపడ్డానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది. నాలో తగ్గింది కొవ్వు కాదు, నీరు.

కాళ్ళ వాపు ఒక్కటే దిగలేదు. అంత మందుకూ వాపు దిగకపోతే మందు చాలలేదనేగా అర్థం! అలా కూడికల లెక్క వేసి, ఏప్రిల్ 6న శ్రీరామనవమి నాటి సాయంత్రం నుంచి రెండవ లేసిక్స్ మొదలుపెట్టాను. ఎవరినీ అడగలేదు. రాత్రిళ్ళు నాలుగైదుసార్లు లేవడం మొదలయింది. వారం తిరగకముందే తెల్లవారుజామున పిక్కలు పట్టేసి అరుస్తూ లేచేవాడిని. మా ఆవిడ కొబ్బరినూనె వెచ్చచేసి రాసేది. నోరు ఎండిపోయేది. ఎండలు ముదిరాయి కదా అని సరిపెట్టుకున్నాను. నీళ్ళు బాగా తాగితే కిడ్నీలు కడిగినట్టు ఉంటాయని ఆమె పుట్టింటివారి నమ్మకం కాబట్టి పెద్ద స్టీలు చెంబు పక్కనే పెట్టి గంటగంటకూ తాగించేది. రోజుకు అయిదు లీటర్లకు తక్కువ ఉండేది కాదేమో. మరోపక్క బి.పి. అని ఆవకాయ, ఎండుచేపలు మానేశాను. మజ్జిగలో కూడా ఉప్పు వేయనిచ్చేవాడిని కాను. బిళ్ళలు ఉప్పును బయటకు తోడేస్తుంటే నేను లోపల మిగిలినదానిని చెంబులకొద్దీ నీళ్ళతో పలుచన చేసుకుంటున్నాను. ఈ మాట తరువాత డాక్టరుగారు చెప్పినది.

ఏప్రిల్ మూడవ వారంలో కూర్చున్న చోటి నుంచి లేస్తే కళ్ళు చీకట్లు కమ్మడం, ఊరికే చిరాకు పడడం, అన్నం సయించకపోవడం వరుసగా వచ్చాయి. అన్నింటికంటె నన్ను భయపెట్టినది మరొకటి. ఏప్రిల్ 22న మనవరాలు ఫోనులో పద్యం అడిగింది. వందలసార్లు తరగతిలో చెప్పిన పద్యం. రెండవ పాదం తరువాత అంతా తెల్లకాగితమే. నవ్వి మాట మార్చాను గాని ఆ రాత్రి మతిమరుపు జబ్బు మొదలయిందని గుండె బరువెక్కింది. సోడియం బాగా పడిపోతే బుర్ర అలా మందగిస్తుందని అప్పుడు తెలియదు.

24, 25 తేదీలలో విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగు బిళ్ళలనూ ఒక్క పూట తప్పకుండా వేసుకుంటూనే ఉన్నాను, క్రమశిక్షణ అనుకున్నాను. 26 రాత్రి రెండు గంటలకు మూత్రానికని లేచి నాలుగడుగులు వేశానో లేదో, కళ్ళు తెరిచేసరికి గడప పక్కన నేల మీద ఉన్నాను. మా ఆవిడ 'ఏమండీ, ఏమండీ' అని ఏడుస్తోంది. కనుబొమ పగిలింది. 108 బండి ముప్పై అయిదు నిమిషాలలో వచ్చింది. శ్రీకాకుళంలో ఆసుపత్రికి చేరేసరికి నాలుగు కావస్తోంది.

అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ముందు పడుకోబెట్టి బి.పి. చూసింది: 108/66. తరువాత ఇద్దరు పట్టుకొని నిలబెట్టగా చూసింది: 82/50. ఇంట్లో మిషనుతో ఎప్పుడు చూసుకున్నా కుర్చీలో కూర్చొనే చూసుకొనేవాడిని. నిలబడితే ఇంత పడిపోతున్నదని ఆ అంకెలు ఎన్నడూ చెప్పలేదు. గుండెకు ఇ.సి.జి. తీసి, రక్తం తీసుకున్నారు. 'ఇంట్లో ఉన్న బిళ్ళలన్నీ తెప్పించండమ్మా, చీటీలు కాదు, బిళ్ళలే' అని మా ఆవిడతో చెప్పింది. పక్కింటి కుర్రవాడు మోటారుసైకిల్ మీద వెళ్ళి ఒక క్యారీబ్యాగు నిండా పట్టుకొచ్చాడు.

ఆరున్నరకు ఫలితాలు వచ్చాయి. సోడియం 118, 135కు తగ్గకూడదట. పొటాషియం 2.6, కనీసం 3.5 ఉండాలి. క్రియాటినిన్ 2.1. ఆ చివరి అంకె వినగానే మా ఆవిడ బల్ల మీద కూలబడిపోయింది. కిడ్నీ పాడవుతుందేమోనన్న భయంతో మింగిన బిళ్ళలే కిడ్నీని ఆ స్థితికి తెచ్చాయి. ఒంట్లో నీరు అంతగా లాగేస్తే కిడ్నీలకు అందవలసిన రక్తం తగ్గి ఆ అంకె పెరుగుతుందనీ, సకాలంలో వచ్చారు కనుక ఇది చాలావరకు దిగివస్తుందనీ డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. ఆ తరువాత క్యారీబ్యాగును బల్ల మీద బోర్లించి పట్టీలను వరుసగా పేర్చింది. హెచ్ అక్షరం మీద పెన్ను పెట్టి 'ఇది నీరు తీసే మందు', లేసిక్స్ మీద పెట్టి 'ఇదీ నీరు తీసే మందే, రెండూ కిడ్నీలో వేరువేరు చోట్ల పనిచేస్తాయి, కలిస్తే ఒకదాని బలం మరొకటి పెంచుతుంది' అన్నది. చివరగా ఆమ్లోడిపిన్ చూపించి, 'మీ కాళ్ళ వాపు దీనివల్ల మాష్టారూ' అన్నది.

నాకు అర్థమైనంతలో ఆమె చెప్పినది ఇది. ఆ మందు సన్న ధమనులను వెడల్పు చేస్తుంది, సిరలను అంతగా చేయదు. లోపలికి వచ్చే దారి వెడల్పై, బయటకు పోయే దారి ఇరుకుగానే ఉండిపోవడంతో నీరు చీలమండల దగ్గర కండలోకి ఊరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదది. కాబట్టి మూత్రం బిళ్ళ ఎన్ని వేసినా రక్తంలోని నీరే పోతుంది గాని ఆ వాపు పెద్దగా దిగదు. మోతాదు 5 నుంచి 10కి పెరిగినప్పుడు ఇది ఎక్కువగా కనిపిస్తుందట. గుండెకు ఎకో తీస్తే అదీ బాగానే ఉన్నది. అంటే మొదటి నుంచీ నాకు లేసిక్స్ అవసరమే లేదన్నమాట. ఆ మాట విన్నప్పుడు కోపం రాలేదు, ఏడుపు వచ్చింది.

చికిత్స అంటే సెలైన్ ఎక్కించి పంపేస్తారనుకున్నాను. అది కూడా తూకమే. సోడియంను తొందరపడి పెంచితే మెదడుకు దెబ్బ తగులుతుందనీ, 24 గంటలలో ఎనిమిది పాయింట్లకు మించి పెరగనీయకూడదనీ ప్రతి ఆరు గంటలకూ రక్తం తీసేవారు. మరునాటి ఉదయానికి 125, ఆ మరునాటికి 130. ఇంట్లో దాచిపెట్టిన ఆవకాయ తెచ్చి తినిపిస్తే తొందరగా పెరుగుతుందేమోనని మా ఆవిడ నర్సును అడిగింది పాపం. మొదటి రెండు రోజులు నీళ్ళు కూడా కొలిచి ఇచ్చారు. పొటాషియం నరంలోకి ఎక్కుతుంటే చేయంతా మండేది; నర్సుకు చెబితే వేగం తగ్గించింది. మూడవ రోజు నుంచి సిరప్ ఇచ్చారు. దాని రుచి చెప్పనలవి కాదు. గ్లాసెడు నీళ్ళలో కలిపి, అన్నం తిన్నాకనే తాగాలి. ఏప్రిల్ 30న పద్యం నాలుగు పాదాలూ తిరిగివచ్చాయి. మనవరాలికి ఫోను చేసి వినిపించాను. మే 1న ఇంటికి పంపేనాటికి సోడియం 134, పొటాషియం 3.7, క్రియాటినిన్ 1.5. బిల్లు 31,600 అయింది. హెల్త్ కార్డు ఇంట్లో బీరువాలోనే ఉండిపోగా మా అబ్బాయి ఫోనులో కట్టేశాడు. ఎగ్గొట్టిన పరీక్ష, ఫీజు కలిపి 850 అన్నది మరచిపోలేను.

నా పక్క మంచం మీద కాశీబుగ్గ వైపు నుంచి వచ్చిన జీడితోట రైతు ఒకాయన ఉండేవాడు. గుండె కొట్టుకొనే బలం తగ్గినందువల్ల ఆయనకు మూత్రం బిళ్ళ లేనిదే గడవదు. నిజంగా నీరు పట్టే జబ్బు ఆయనది. నేను నేర్చుకున్నదంతా ఇంచుమించు ఆ మంచం దగ్గరే. ఆయన దగ్గర పిల్లల లెక్కల నోటుపుస్తకం ఒకటి ఉంది. రోజూ పొద్దున్న మూత్రానికి వెళ్ళివచ్చాక, టిఫినుకు ముందు, అదే తూకం మిషను మీద నిలబడి బరువు రాసుకుంటాడు. నీరు లేనప్పటి బరువు 58 అని డాక్టరు అట్ట మీద రాసి ఇచ్చారు. మూడు రోజులలో రెండు కిలోలు పెరిగితే ఫోను చేయాలి. 58 కంటె బాగా దిగి తల తిరిగినా ఫోను చేయాలి. నీరు దిగేటప్పుడు రోజుకు అరకిలో నుంచి కిలో లోపే దిగాలట. ఆ లెక్కన అన్ని కిలోలు పోగొట్టుకుంటూ ఒక్కరోజు కూడా బరువు రాసుకోని నేను ఆయన ముందు విద్యార్థినే. 'కాలు సూసుకుంటే ఏటి తెలుస్తాది మాస్టారూ, కాటా సూడాల' అన్నాడు.

రెండవ బిళ్ళ వేసుకోవలసి వస్తే మధ్యాహ్నం మూడు దాటకుండా వేసుకుంటాడు. రాత్రి లేచి పడిపోకుండా. జ్వరమో, వాంతులో, విరేచనాలో పట్టుకున్న రోజున బిళ్ళ వేసుకొనే ముందు డాక్టరును అడుగుతాడు. ఒళ్ళు నొప్పుల బిళ్ళలు సొంతంగా ముట్టడు. అవి నీటిని పట్టి ఉంచుతాయి, ఇలాంటి మందులతో కలిస్తే కిడ్నీకి చేటు చేస్తాయి. అంతటి జాగ్రత్తపరుడు ఈసారి ఆసుపత్రికి ఎందుకు వచ్చాడంటే, ఫ్యూరోసెమైడ్ బదులు డాక్టరు టోర్సెమైడ్‌కు మార్చారు. ఇంట్లోవాళ్ళు పాతది 40 కాబట్టి కొత్తదీ 40 వేయాలనుకొని అలాగే వేశారు. నోటితో వేసుకొనే ఫ్యూరోసెమైడ్ 40కి టోర్సెమైడ్ 20 ఇంచుమించు సమానమట. పేరు మారితే మిల్లీగ్రాముల అర్థమే మారిపోతుందని నాకు అంతవరకు తెలియదు.

ఇంటికి వచ్చాక నాకు మొదటి పది రోజులు బి.పి. మందేమీ లేదు. ఆ పది రోజులూ పక్షవాతం వస్తుందేమోనని వేరే భయం. తూకం మిషను ఒకటి 950కి కొన్నాను. మే 5న, 12న పరీక్షలు చేయించుకున్నాను. రెండవసారి క్రియాటినిన్ 1.2 రావడంతో టెల్మిసార్టాన్ 40 ఒక్కటే, హెచ్ లేకుండా, మొదలుపెట్టారు. ఆ మందు పొటాషియంను పెంచగలదు కాబట్టి రెండు వారాలకు మళ్ళీ రక్తం ఇవ్వాలన్నారు, ఈసారి ఎగ్గొట్టలేదు. ఒకసారి ఉన్నట్టుండి పొటాషియం 5.4 వచ్చి అందరమూ హడలిపోయాము. రక్తం తీసేటప్పుడు రబ్బరు గట్టిగా కట్టి, పిడికిలి పదేపదే బిగించమంటే లేనిపోని అంకె రావచ్చునని డాక్టరమ్మ మళ్ళీ తీయించింది. పిడికిలి బిగించకుండా తీస్తే 4.5. కాళ్ళ వాపు ఆమ్లోడిపిన్ ఆపిన మూడవ వారంలో, ఏ వాపు బిళ్ళా లేకుండానే, పూర్తిగా పోయింది. బి.పి. ఇంకా 148 దగ్గరే ఉన్నదని జూన్ 2న టెల్మిసార్టాన్ 80 చేశారు. జూన్ 16న సోడియం 138, పొటాషియం 4.4, క్రియాటినిన్ 1.1. నా చీటీల ఫైలు అట్ట మీద డాక్టరమ్మ ఎర్ర సిరాతో 'థయజైడ్ మందులు ఇవ్వరాదు' అని రాసింది. ఎక్కడికి వెళ్ళినా ముందు ఆ అట్టనే చూపించమన్నది.

జూలై 2న బిళ్ళలు అయిపోతే మా ఊరి షాపుకే వెళ్ళాను. కుర్రవాడు అరలు వెతికి ఒక పెట్టె తెచ్చి, 'మీది అయిపోయింది మాస్టారూ, ఇది అదే మందు, ఇంకొంచెం బలమైనది' అన్నాడు. కళ్ళజోడు పెట్టుకొని పెట్టె తిప్పి చూశాను. పేరు పక్కన గీత, గీత పక్కన హెచ్. వాడికి ఫైలు అట్ట చూపించి, ఆ అక్షరం అర్థం వివరించి, పెట్టె తిరిగి ఇచ్చేశాను. వాడు ముఖం చిన్నబుచ్చుకొని తన ఫోనులో రాసుకున్నాడు. ఆ సాయంత్రం బస్సులో నరసన్నపేట వెళ్ళి హెచ్ లేనిది తెచ్చుకున్నాను. బస్సు చార్జీలు బిళ్ళల ధరలో సగం అయ్యాయి.